ఐదో దెబ్బ

ఫిబ్రవరి 6

అన్నయ్య పోయి ఇవాళ్టికి ఏడు నెలలు.

ఈ నోటుబుక్కు కాలేజీ వ్యాసాలకని కొన్నాను. వ్యాసాలు వేరే దాంట్లో రాసుకుంటాను. ఇది నాకే.

ఇవాళ నేర్చుకున్న మాట: అనునాదం. ఒకటి మోగితే పక్కనున్నది ఎవరూ ముట్టకుండానే మోగడం. మాట తెలియకముందే దాని అర్థం నాకు తెలుసు. వీధిలో లారీ వెళ్తే మేడ మీద గదిలో అన్నయ్య స్నేర్ డ్రమ్ము కింది తీగలు సన్నగా గుర్రుమంటాయి. కింద మిషను కుడుతున్న అమ్మ కాలు ఆగిపోతుంది. లారీ దాటాక మళ్ళీ తొక్కుతుంది. ఆ సంగతి మేమిద్దరం ఎప్పుడూ మాట్లాడుకోం.

ఫిబ్రవరి 9

చదవాల్సింది చాలా ఉంది. అయినా నెట్‌లో అన్నయ్య బ్యాండ్ అభిమానుల ఫోరంలోనే మూడు గంటలు కూర్చున్నాను.

అన్నయ్య బ్యాండ్ పెద్దదేం కాదు. పాట ఒక్కొక్కటి పది నిమిషాలు, మాటలు నాలుగు లైన్లు. మామూలు పాట నాలుగు లెక్కలో నడుస్తుంది. వీళ్ళది ఏడుతో మొదలై పదకొండులోకి దూకి, ఎవరికీ చెప్పకుండా తొమ్మిదిలోంచి బయటికొస్తుంది. ప్రోగ్రెసివ్ మెటల్ అంటారు. మొదటిసారి విని అమ్మ, "దారం తెగిన మిషను ఉత్తినే తిరుగుతున్నట్టుంది కదరా" అంది. అన్నయ్య అది కాయితం మీద రాసి గోడకి అంటించుకున్నాడు. తనకొచ్చిన సమీక్షల్లో అదే మంచిదట.

ఫోరంలో మేం మూడొందల పన్నెండు మందిమి. పాటని గడులుగా కోసి, ఒక్కో గడిలో ఎన్ని దెబ్బలు పడ్డాయో లెక్కపెట్టడమే మా పని. అక్కడ నా పేరు కామా. అన్నయ్యే పెట్టాడు. ఊపిరాడనంతగా కామాలు వాడతానని. నేను చెల్లెల్నని అక్కడెవరికీ తెలియదు. తెలిస్తే నా పొగడ్తకి విలువుండదు కదా.

ఇవాళ్టి గొడవ పాతదే. వేగం గొప్పా, నిగ్రహం గొప్పా.

ఇనపచెవి: "సెకనుకి పద్దెనిమిది దెబ్బలు కొట్టేవాణ్ణి చూశాను. మిక్సీ కూడా తిరుగుతుంది బాబూ, చప్పట్లు కొడతామా?"

రెండో వరస: "నీకు చేతకాదు కాబట్టి మిక్సీ అంటావ్."

ఇనపచెవి: "నాకు గుడ్డు పెట్టడం కూడా చేతకాదు. ఆమ్లెట్ బాగోలేదని చెప్పకూడదా?"

చివర్న లెక్కల మాస్టారు వచ్చాడు. ఆయన వస్తే అందరూ సర్దుకుని కూర్చుంటారు. "పదిహేడు లెక్కలో వాయించడం గొప్ప కాదు. అది పదిహేడని వినేవాడికి తెలియకుండా వాయించడం గొప్ప. అలా వాయించినవాడు మన దగ్గర ఒక్కడే ఉండేవాడు. రెండు చేతులు, రెండు కాళ్ళు, ఒక్క దొంగదెబ్బ లేదు."

దొంగదెబ్బ అంటే రికార్డు చేశాక విడిగా కొట్టి అతికించేది. అన్నయ్య జీవితంలో ఒక్కటి కూడా అతికించలేదు. చెయ్యి తప్పితే పది నిమిషాల పాటనీ మళ్ళీ మొదట్నుంచి వాయించేవాడు. కోపమొస్తే కర్రలు విసిరేవాడు గానీ అతికించేవాడు కాదు. చదువులో, ఉద్యోగంలో వాణ్ణి ఎవరూ గౌరవించలేదు. ఈ మూడొందల పన్నెండు మందే గౌరవించారు, అదీ ఈ ఒక్క కారణానికి.

"ఉండేవాడు" అన్న మాట దగ్గర చాలాసేపు ఆగాను.

ఫిబ్రవరి 14

పొడుగన్న వచ్చాడు. బ్యాండ్‌లో బేస్ గిటార్ ఆయనది. గుమ్మం దగ్గర తల వంచడం ఇంకా మర్చిపోలేదు.

ఆల్బమ్ తెస్తారట. ఏడు పాటల్లో ఆరింటికి అన్నయ్య వాయించి వెళ్ళాడు. ఏడోదానికి వాడి నోటుబుక్కులో రాత మాత్రమే ఉంది.

"ఏడోదానికి మెషీన్ పెడదామనుకుంటున్నాం. కంప్యూటర్లో రాసేస్తే సరిపోతుంది."

"మెషీనా? వాడి పాటకా?"

"ఏం చెయ్యమంటావ్ చెప్పు. వాడిలా వాయించేవాడు ఎక్కడ దొరుకుతాడు?"

ఆయన మేడ వైపు చూశాడు. తర్వాత నా చేతుల వైపు. నా వేళ్ళ మొదళ్ళలో కాయలు కాశాయి. చేతులు వెనక్కి పెట్టుకున్నాను.

"ఎన్నాళ్ళ నుంచి?" అన్నాడు.

ఫిబ్రవరి 15

నేర్చుకుంటున్నాను, అంతే. చిన్నప్పటి నుంచి పక్కన కూర్చుని లెక్క చెప్పిందాన్ని, దిండు మీద వాడితో పాటు కొట్టిందాన్ని. నేర్చుకుంటే తప్పేంటి? వాయిస్తానని ఎవరికీ మాటివ్వలేదు.

ఫిబ్రవరి 27

మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా వాయిస్తాను. అప్పుడు చుట్టుపక్కల ఇళ్ళలో ఎవరూ ఉండరు. అమ్మ కింద జాకెట్లకి అంచులు కుడుతుంటుంది. మొదట్లో నేను మొదలుపెట్టగానే మిషను ఆగేది. ఇప్పుడు ఆగడం లేదు. ఒక్కోసారి మా ఇద్దరి కాళ్ళూ ఒకే లెక్కలో పడతాయి.

అన్నయ్య నాకంటే జానెడు పొడుగు. మొదటిరోజు స్టూలు నాలుగు మరలు దించితే గానీ కాలు పెడలు మీద ఆనలేదు. ఇవాళ దించాల్సిన పని పడలేదు. కూర్చున్నాను, ఆనింది.

నిన్న దించి అలాగే వదిలేసుంటాను.

ఫిబ్రవరి 28

స్టూలు పైకే ఉంది. కొలిచాను.

కాలు ఆనింది. బూట్లు వేసుకున్నాను కాబట్టి.

మార్చి 8

రికార్డింగ్.

పొడుగన్న నాలుగు మైకులు తెచ్చాడు. కాలితో కొట్టే కిక్‌కి ఒకటి, స్నేర్‌కి ఒకటి, నేల మీద నిలబడే పెద్ద టామ్‌కి ఒకటి, పైన తాళాలన్నిటికీ కలిపి ఒకటి. మేడ మీద మేమిద్దరమే ఉన్నాం. కిటికీలకి దుప్పట్లు కట్టాం. అమ్మ ఊరికే పాత దుప్పట్లు తడుముతూ నిలబడి, "ఇది వాడిది" అని ఒకటి వెనక్కి తీసుకుని వెళ్ళిపోయింది.

ఎనిమిదిసార్లు తప్పాను. తొమ్మిదోసారి తప్పలేదు. తొమ్మిదోసారి ఎలా వాయించానో నాకు గుర్తులేదు. ఆగాక చూస్తే పదకొండు నిమిషాలు గడిచాయి, పొడుగన్న హెడ్‌ఫోన్స్ తీసి ఒళ్ళో పెట్టుకుని ఏడుస్తున్నాడు.

"వాడే" అన్నాడు. "అచ్చంగా వాడే."

సంతోషించాను. రాయడానికి సిగ్గుగా ఉంది కానీ చాలా సంతోషించాను.

మార్చి 9

ఆల్బమ్ మీద డ్రమ్స్ దగ్గర ఒక్క పేరే వేస్తారట, అన్నయ్యది. నా పేరు వేస్తే ఏడోపాట గురించి తప్ప మిగతా ఆరింటి గురించి ఎవరూ మాట్లాడరని పొడుగన్న అన్నాడు. నిజమే. సరేనన్నాను.

ఇది అబద్ధం కాదు. వాడు రాసిందే వాయించాను.

ఇది అబద్ధం కాదు.

మార్చి 20

ఆల్బమ్ వచ్చింది. ఫోరంలో ఎవరూ నిద్రపోయినట్టు లేరు.

రెండో వరస: "ఏడోపాట విని బస్సు దిగడం మర్చిపోయాను. రెండు స్టాపులు నడిచొచ్చాను. తిట్టుకోలేదు."

ఇనపచెవి: "ఆరింట్లోనూ ఆయన గొప్పవాడు. ఏడోదాంట్లో తను గొప్పవాణ్ణని మర్చిపోయాడు. అదీ తేడా."

ఇది చదివి నోటుబుక్కులో ఎక్కించుకున్నాను. ఇలాంటి వాక్యం నేనెప్పుడు రాస్తాను?

ఇనపచెవి నన్ను పొగిడాడు. కాదు, అన్నయ్యని పొగిడాడు.

మార్చి 22

లెక్కల మాస్టారు రెండు రోజులు ఏమీ రాయలేదు. ఇవాళ రాశాడు. మొత్తం దించుకుంటున్నాను.

"ఏడోపాట, నలభై ఒకటో గడి. కుడిచెయ్యి రైడ్ తాళం మీద ఉంది. ఎడమచెయ్యి స్నేర్ మీద. కుడికాలు కిక్. ఎడమకాలు హైహ్యాట్ జంట తాళాలు తొక్కుతోంది. నాలుగూ ఒక్క క్షణంలో పడ్డాయి. అదే క్షణంలో నేల టామ్ మీద ఐదో దెబ్బ ఉంది. అరవైసార్లు విన్నాను. మనిషికి ఉన్నవి నాలుగు. ఈ ఐదోది ఎవరిది? ఇది రాయడానికి నాకు చాలా బాధగా ఉంది."

మార్చి 23

మంటలు. "ఏడోదాంట్లో అతికించినవాడు ఆరింట్లో అతికించలేదని నమ్మకమేంటి?" అని ఒకడు. "పోయినవాడి మీద పడతారా, సిగ్గులేదా?" అని ఇంకొకడు. "పోతే దెబ్బలు పెరుగుతాయా?" అని మొదటివాడు.

సాయంత్రానికి ఎవరో పాత ఆల్బమ్‌లు కూడా తవ్వడం మొదలుపెట్టారు. వాడు బతికుండగా సంపాదించుకున్నది ఒక్కటే. అది నా మూలంగా పోతోంది.

మార్చి 24

పొడుగన్న అసలు రికార్డింగ్ తెచ్చాడు. నాలుగు మైకులనీ విడివిడిగా విన్నాం. నలభై ఒకటో గడి. కిక్ ఉంది. స్నేర్ ఉంది. తాళాలు ఉన్నాయి. టామ్ మైకులో దెబ్బ ఉంది. పక్కదాని మోత కాదు. నిండుగా, మధ్యలో పడిన దెబ్బ.

"నువ్వే కొట్టి మర్చిపోయుంటావ్."

"ఏ చేత్తో అన్నా?"

తన వేళ్ళు మడిచి లెక్కపెట్టాడు. నాలుగో వేలు దగ్గర ఆగి చెయ్యి జేబులో పెట్టుకున్నాడు.

"నువ్వేమైనా అతికించావా?" అని అడిగాను.

"వాడి పాటలోనా? నా చెయ్యి విరిగిపోదూ?"

అన్నయ్య నోటుబుక్కు తీసి చూశాం. నలభై ఒకటో గడిలో నాలుగే రాసున్నాయి. టామ్ దగ్గర పెన్సిలుతో చిన్న చుక్క ఉంది, తుడిచేసినట్టు. కొట్టాలనిపించి, చెయ్యి ఖాళీ లేక మానుకున్నట్టు.

మార్చి 26

ఫోరంలో నిజం రాశాను. ముప్పావుగంట పట్టింది. ఒక్క కామా వాడలేదు.

"నేను ఆయన చెల్లెల్ని. ఏడోపాట వాయించింది నేను. ఆరు పాటలు ఆయనవి. వాటిని అనుమానించకండి. తప్పు నాది. దొంగదెబ్బ మాత్రం లేదు."

మార్చి 26, సాయంత్రం

నమ్మలేదు. తిట్టినా బాగుండేది.

"ఈ కామా ఎవరో పేరు కోసం పాకులాడుతోంది." "ఆరు పాటల ఎడమకాలూ ఏడోపాట ఎడమకాలూ పక్కపక్కన పెట్టి కొలిచాను, వెంట్రుకవాసి తేడా లేదు. ఒక్కటే కాలు." "ఏడోది చెల్లెలే వాయిస్తే ఆరూ చెల్లెలే వాయించినట్టు." "అసలు ఆయనకి చెల్లెలుందని ఎప్పుడైనా విన్నామా?"

చివరి ప్రశ్నకి ఇరవై మంది 'లేదు' అని రాశారు.

అద్దంలో చూసుకున్నాను. ఊరికే.

మార్చి 27

లెక్కల మాస్టారు విడిగా ఉత్తరంలా రాశాడు. "అమ్మా, నువ్వు చెప్పేది నిజమైతే నా ముందు వాయించు. అబద్ధమైతే ఆ మాట నాకొక్కడికే చెప్పు, ఎవరికీ చెప్పను. ఆదివారం రానా?"

రమ్మన్నాను.

మార్చి 30

వచ్చాడు. ఫోరంలో గద్దించే మనిషి, తీరా చూస్తే మా గేటు గడియ తీయడం రాక బయట నిలబడ్డ చిన్న ముసలాయన. ముప్పైనాలుగేళ్ళు బళ్ళో లెక్కలు చెప్పాడట. ఎడమ చెవికి మిషనుంది. ఆ చెవులతోనా ఇవన్నీ వింటాడు అనుకున్నాను. నా మొహం చూసి నవ్వాడు.

"చెవులు మోసపోతాయమ్మా. అరికాళ్ళు మోసపోవు."

మేడ మీదకొచ్చి జోళ్ళు విప్పి, టామ్‌కి ఎదురుగా కుర్చీ వేసుకుని, పాదాలు నేలకి ఆనించాడు. గళ్ళ కాయితం తొడ మీద పెట్టుకున్నాడు. కళ్ళు మూసుకున్నాడు. పొడుగన్న తలుపు దగ్గర నిలబడ్డాడు. కింద అమ్మ మిషను నడుస్తోంది.

నలభై, నలభై ఒకటి, నలభై రెండు. ఈ మూడు గడులే వాయించాను. నలభై రెండులో పాట ఆగి ఊపిరి తీసుకుంటుంది.

మాస్టారు కళ్ళు తెరవకుండానే గీతలు పెట్టాడు. "ఐదు" అన్నాడు.

"నాలుగే విన్నాను" అన్నాడు పొడుగన్న.

"నువ్వు చెవులతో విన్నావు నాయనా. అమ్మా, మళ్ళీ వాయించు. ఈసారి కుడిచెయ్యి తీసెయ్."

ఇది మా ఫోరం పద్ధతే. ఒక్కో అవయవాన్నీ తీసేస్తూ పోతే ఏ దెబ్బ ఎవరిదో తేలుతుంది. కుడిచెయ్యి ఒళ్ళో పెట్టుకుని వాయించాను. మూడు పడాలి.

"నాలుగు."

ఎడమచెయ్యి కూడా తీసేశాను. కాళ్ళు రెండే.

"మూడు."

పొడుగన్న తలుపు రెక్క పట్టుకున్నాడు. ఆయన ఏం విన్నాడో చెప్పలేదు. నేను అడగలేదు.

ఎడమకాలు తీసేశాను. కుడికాలితో కిక్ ఒక్కటే కొట్టాను.

"రెండు."

తర్వాత కుడికాలు కూడా తీసి, రెండు పాదాలూ స్టూలు కడ్డీ మీద పెట్టుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. మాస్టారికి చెప్పలేదు. ఆయన కళ్ళు మూసుకునే ఉన్నాడు. నా లోపల మాత్రం లెక్కపెట్టుకున్నాను. నలభై. నలభై ఒకటి.

పెన్సిలు కదిలింది. ఒక గీత.

మాస్టారి కనుబొమలు పైకి లేచాయి. "ఆగావా అమ్మా?"

"ఆగాను మాస్టారూ."

"ఎంతసేపైంది?"

"మొదట్నుంచీ."

ఆయన పాదాలు నేల మీంచి ఎత్తలేదు. ఇంకా వింటున్నాడు. కాసేపటికి, "నలభై రెండులో ఆపాడు. పాటలో కూడా అక్కడే కదా ఆగాలి" అన్నాడు. చాలా మెల్లగా, పరీక్షలో మంచి పిల్లాడి కాయితం దిద్దుతున్నట్టు.

అప్పుడు గమనించాను. కింద మిషను చప్పుడు లేదు.

ఆయన కాయితం నాలుగు మడతలు పెట్టి నా చేతిలో పెట్టాడు. జోళ్ళు వేసుకుంటూ, "ఫోరంలో ఏం రాయమంటావమ్మా?" అని అడిగాడు. అంత పెద్దాయన నన్ను అడిగాడు.

"చూసింది రాయండి."

"చూళ్ళేదు కదా, కళ్ళు మూసుకున్నాను."

"తేలింది రాయండి."

మార్చి 31

లెక్కల మాస్టారు రాసింది మూడే ముక్కలు. "ఇంటికెళ్ళి పరీక్షించాను. చెల్లెలుంది. దొంగదెబ్బ లేదు, ఐదూ వాయించినవే."

ఎలా అని నలభై మంది అడిగారు. జవాబివ్వలేదు. ఇనపచెవి మాత్రం, "మాస్టారు లేదంటే లేదు. ఇక మూసేద్దాం" అన్నాడు. పాత ఆల్బమ్‌లు తవ్వేవాళ్ళు పారలు కింద పెట్టారు. అన్నయ్య పేరు నిలబడింది.

పొడుగన్న ఫోన్ చేశాడు. ఆల్బమ్ రెండోసారి వేస్తున్నారట. డ్రమ్స్ దగ్గర ఏం పేరు వెయ్యాలో సాయంత్రంలోగా చెప్పమన్నాడు.

"మొదటి ఆరూ వాడి పేరు" అన్నాను.

"ఏడోది?"

"రెండు పేర్లూ."

"జనం నవ్వుతారేమో."

"నవ్వనీ అన్నా. ఐదింటిలో నాలుగు నావి. నాలుగే నావి."

"ఎవరి పేరు ముందు?" అన్నాడు. బతికుండగా ఈ ప్రశ్నకి మేం కొట్టుకుని ఉండేవాళ్ళం.

ఏప్రిల్ 2

ఇవాళ్టి నుంచి మళ్ళీ వ్యాసాలు రాయాలి. పద్దెనిమిదిన పరీక్ష.

మధ్యాహ్నం రెండింటికి మేడ మీదకి వెళ్ళాను. పూర్తి పాట వాయించాను. మొదటిసారి వింటూ వాయించాను. నలభై ఒకటో గడి దగ్గర నా కుడి భుజం పక్కన చిన్న గాలి కదిలినట్టైంది. నేను పక్కకి తిరగలేదు. కాస్త ఎడమగా జరిగి కూర్చున్నాను, చోటు సరిపోవాలి కదా.

పాట అయ్యాక మెట్ల కింద అమ్మ చప్పుడు వినిపించింది. ఎనిమిది నెలలు దాటి తొమ్మిదోది నడుస్తోంది, అమ్మ ఇంతవరకూ మెట్ల దగ్గరికొచ్చి పిలవలేదు. ఎవరికి వాళ్ళం పెట్టుకుని తినేవాళ్ళం.

"ఇద్దరూ దిగండి" అంది. "అన్నం చల్లారిపోతోంది."

అమ్మ గొంతులో తడబాటు లేదు. సరిదిద్దుకోలేదు కూడా.

కర్రలు స్నేర్ మీద పెట్టాను. దిగాం.